గీత మీద కూర్చోబెట్టిన అంకె

గెడ్డమూలపేట తుపాను షెల్టరు మెట్ల కింద, ల్యాప్‌టాప్ బ్యాగుని గుండెలకి హత్తుకుని నిలబడ్డ నయోమిని పోయినవారం అక్కడే వదిలి వచ్చాం. కాశీబుగ్గలో జయకర్ షాపులో ఇళ్ళ ప్లాన్లు గీసుకునే ఆ అమ్మాయిని ఉద్దానం ఒడ్డునున్న ఈ చేపలవాళ్ళ పేటకి రప్పించినవాడు గోవింద్. ఊరి ముందు కట్టబోయే జెట్టీ తాలూకు డ్రాయింగు ఇమ్మని అర్జీ పెట్టి, నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి అతను ఒక సీడీ సంపాదించాడు. అందులో ఉన్న ఫైలు ఊళ్ళో ఎవరి కంప్యూటర్లోనూ తెరుచుకోలేదు. నయోమి తెరిచింది. తెరిచిన దగ్గర్నుంచీ ఆమెకి నిద్ర పట్టలేదు.

ఆమె చూసింది ఒకే ఒక్క అంకె. ఒడ్డున కట్టబోయే గోడకీ, పేటలో మొదటి ఇంటికీ మధ్య దూరం. అచ్చు వేసి ఊళ్ళో అంటించిన మ్యాపులో అది రెండు వందల పది మీటర్లు. ఫైలు లోపల, ఆ అంకె వెనక ఉన్న అసలు కొలత అరవై నాలుగు.

ప్రాజెక్టు కాగితాల్లోనే ఒక షరతుంది. గోడకి వంద మీటర్ల లోపు ఇళ్ళుంటే ఆ ఇళ్ళవాళ్ళని అడగాలి, వాళ్ళకి వేరే చోటు చూపించాలి. రెండు వందల పది అయితే ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ ముక్క చెప్పి సంతకాలు తీసుకుని వెళ్ళడానికే ఈ రోజు సభ పెట్టారు.

నయోమి మెట్లెక్కింది.

వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి కాబట్టి మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు. హాలు కిక్కిరిసింది. ఆడవాళ్ళు ఒకవైపు నేల మీద కూర్చుని కొంగులతో విసురుకుంటున్నారు. ముందు బల్ల దగ్గర ప్రాజెక్టు ఆఫీసు తరఫున వచ్చిన కమలకుమారి మేడమ్ మినిట్స్ పుస్తకం తెరిచి పెట్టుకుని ఉంది. ఆమె పక్కన నిలబడి మ్యాపు మీద కర్ర ఆడిస్తున్నవాడు ఢిల్లేశ్వరరావు. డ్రాయింగు గీసిన కన్సల్టెన్సీకి అతనే ఇంజనీరు. నరసన్నపేట మనిషే గానీ, పదేళ్ళుగా విశాఖలో ఉండి మాటలోంచి ఊరి యాసని ఏరి పారేశాడు.

"గోడ ఇక్కడ. మీ ఇళ్ళు ఇక్కడ. మధ్యలో రెండు వందల పది మీటర్లు. పడవలకి చోటుంది, చేపలు ఎండబెట్టుకోవడానికి చోటుంది. ఎవరి ఇంటికీ ఢోకా లేదు. ఇంకేమైనా సందేహాలున్నాయా?"

"ఆ అంకె తప్పు సార్," అంది నయోమి.

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. అందరూ తిరిగి చూశారు.

"ఎవరమ్మా నువ్వు? ఈ ఊరేనా?"

"కాదండీ. మాది టెక్కలి. కాశీబుగ్గలో ప్లాన్లు గీస్తాను."

"మరి ఈ ఊరి సభలో నీకేం పని?"

కిటికీ దగ్గర్నుంచి గోవింద్ ముందుకొచ్చాడు. "నానే తీసుకొచ్చినాను సార్. మీరిచ్చిన సీడీ మాలో ఎవులికీ తెరుసుకోనేదు. తెరిసిన మనిసి ఈవిడే. మాట్లాడనియ్యండి."

ఢిల్లేశ్వరరావు ఏదో అనబోయాడు గానీ కమలకుమారి చెయ్యెత్తింది. "చెప్పనీయండి. చెప్పమ్మా."

నయోమి ల్యాప్‌టాప్ తెరిచి బల్ల చివర పెట్టింది. ముందు వరసలో కూర్చున్న అసిరయ్య లేచి దగ్గరికొచ్చాడు. పేటలో పెద్దమనిషి, డెబ్బై దాటినా నిటారుగా ఉండే ఆరడుగుల మనిషి. అతని వెనకే మరో పదిమంది మూగారు.

"కంప్యూటర్లో కొలత వేసేటప్పుడు మనం అంకె రాయం తాతా," అంది నయోమి అతనికే చెబుతున్నట్టు. "ఈ చివర ఓసారి, ఆ చివర ఓసారి నొక్కితే మధ్యలో ఎంతుందో అదే కొలిచి రాసేస్తుంది. కానీ రాసినదాని మీద మళ్ళీ నొక్కి, మనకి కావలసిన అంకె కొట్టొచ్చు. అప్పుడు గీత కదలదు. పైనున్న అంకె ఒక్కటే మారుతుంది. కాగితం మీద అచ్చేస్తే మారిన అంకే పడుతుంది. ఫైల్లో మాత్రం అసలు కొలత అలాగే ఉండిపోతుంది. ఇదిగో."

ఆమె గీత మీద నొక్కింది. పక్కన చిన్న పెట్టె తెరుచుకుంది. పై వరసలో 210 మీటర్లు. కింది వరసలో 64.01.

అసిరయ్య కళ్ళు చికిలించి తెర వంకా, గోడ మీది మ్యాపు వంకా చూశాడు. "అంటే గీత నిజం సెప్తంటే, దాని మీద అబద్దం కూకోబెట్టినారంతావు."

"అవును తాతా."

హాలంతా ఒక్కసారి కదిలినట్టయింది. ఢిల్లేశ్వరరావు మాత్రం చిన్నగా నవ్వాడు.

"మేడమ్, ఒక్క నిమిషం. మా ఫైలుని ఈ అమ్మాయి దేంట్లో తెరిచిందో అడగండి."

నయోమి ఆ సాఫ్ట్‌వేరు పేరు చెప్పింది.

"విన్నారా? ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఏ దేశంలోనో ఎవరెవరో తలో చెయ్యీ వేసి రాసింది. ఎవరైనా దింపుకోవచ్చు. మేము వాడేది కంపెనీది, ఏటా లైసెన్సు కట్టి వాడతాం. మా ఫైలు దాంట్లో గీసింది, దాంట్లోనే తెరవాలి. వేరేదాంట్లోకి మారిస్తే అక్షరాలు పోతాయి, గీతలు పోతాయి, కొలతలూ మారిపోతాయి. రేపు దీన్ని నమ్మి కట్టిన గోడ కూలిపోతే ఆ రాసినవాళ్ళొచ్చి జవాబు చెబుతారా?"

కొంతమంది తలలూపారు. అతను చెప్పినదాంట్లో కొంత నిజముందని నయోమికీ తెలుసు. అదే ఆమెకి ఎక్కువ కోపం తెప్పించింది.

"అక్షరాలు పోయిన మాట నిజమే సార్. మీ తెలుగు ఫాంటు నా దగ్గర లేదు. పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ఇసక చూపించడానికి మీరు వేసిన చుక్కలు సగం రాలేదు. సరిచూసుకోవడానికి రెండు రోజులు కూర్చున్నాను. కానీ గీతకి రెండు చివరలుంటాయి. ఒక్కో చివర ఎక్కడుందో లెక్క ఉంటుంది. అది ప్రశ్నార్థకం అయిపోదు. మీ డ్రాయింగులో మొత్తం పన్నెండు కొలతలున్నాయి. పదకొండు మీ కాగితంతో అంకెకి అంకె సరిపోయాయి. నా సాఫ్ట్‌వేరు కొలతలు మార్చేసేదే అయితే అవి కూడా మారాలి కదా? ఈ ఒక్కటే ఎందుకు తేడా వచ్చింది?"

ఢిల్లేశ్వరరావు నవ్వు ఆగింది. కర్ర బల్ల మీద పెట్టాడు.

"నువ్వు జయకర్ షాపులో పని చేస్తావు కదూ? దొంగ కాపీలు వాడుతున్నారని నోటీసొచ్చిన షాపు. అవునా కాదా?"

నయోమి చెవులు వేడెక్కాయి. ఇంతమందిలో ఆ మాట వినవలసి వస్తుందని ఆమె ఊహించలేదు. గోవింద్‌కి కూడా ఆ సంగతి తెలియదు. అతను ఆమె వంక చూశాడు.

"అవును," అంది. "తొమ్మిదేళ్ళు దొంగ కాపీయే వాడాం. మీ కంపెనీ సాఫ్ట్‌వేరే సార్ అది, తాళం పగలగొట్టింది. నేను పని నేర్చుకున్నదే దాని మీద. నోటీసొచ్చిన రోజే జయకర్ గారు తీయించేశారు. కొనే తాహతు లేదు. అప్పుడు ఇది నేర్చుకున్నాను, ఆర్నెల్లు పట్టింది. ఇది ఎవరి దగ్గరా దొంగిలించింది కాదు. రాసినవాళ్ళే వాడుకోమని ఇచ్చారు. లోపల ఎలా ఉందో ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఊరికే వచ్చిందంటే దొంగదేనని ఎందుకనుకుంటారు? దొంగతనం మానేశాకే నేను ఈ ఫైలు తెరిచాను."

ఆమె చూపు దించలేదు.

కమలకుమారి పెన్ను మూత పెట్టింది. "ఢిల్లేశ్వరరావు గారూ, ఇంత గొడవెందుకు? మీ ల్యాప్‌టాప్ ఉంది. అసలు సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లోనే తెరిచి ఆ గీత మీద నొక్కండి. అయిపోతుంది."

"ఇప్పుడా మేడమ్?"

"ఇప్పుడే."

అతను ల్యాప్‌టాప్ తీశాడు. అది మెల్లగా మేల్కొంది. కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది. లాగిన్ అడిగింది. "ఇక్కడ సిగ్నల్ లేదు మేడమ్," అన్నాడు. గోవింద్ తన ఫోన్లో నెట్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. ఢిల్లేశ్వరరావు పాస్‌వర్డు కొట్టాడు. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. తెర మీద ఏదో ఇంగ్లీషులో రెండు వరసలు వచ్చాయి.

"ఏమంది?" అడిగింది కమలకుమారి.

ఢిల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "ఈ లైసెన్సు మీద ఆఫీసులో ఇంకొకరు పని చేస్తున్నారు. వాళ్ళు బయటికొస్తే గానీ ఇక్కడ తెరుచుకోదు. రేపు ఆఫీసుకొస్తే చూపిస్తాను."

ఆడవాళ్ళ వైపునుంచి బుచ్చమ్మ లేచి నిలబడింది. ఒడ్డుకి అందరికన్నా దగ్గరగా ఉన్న ఇల్లు ఆమెదే. ఆ కొలత వేసిందే ఆ ఇంటి దాకా.

"మీ గీత సూడ్డానికి మీకే పరిమిసన్ నేదేటి బాబూ? మరి మాకేటి సూపిత్తావని వొచ్చినావు?"

కొందరు నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు. నయోమి నవ్వలేదు.

"ఇదే మేడమ్ నేననేది," అంది. "ఆయన ఏ సాఫ్ట్‌వేరు కొనుక్కుంటారో ఆయన ఇష్టం. నాకేం పేచీ లేదు. కానీ ఈ గీత ప్రజల డబ్బుతో గీయించింది. వీళ్ళ ఇళ్ళ ముందు గీసింది. వీళ్ళు అడిగితే, ఒక కంపెనీకి అద్దె కడితే తప్ప తెరుచుకోని రకంలో ఇచ్చారు. ఇచ్చామని రాసుకున్నారు కూడా. చదవలేని కాగితం ఇచ్చి, కాగితం ఇచ్చేశాం సంతకం పెట్టండి అంటే ఎలాగండీ? ఎవరైనా తెరవగలిగే రకంలో ఇవ్వడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఎందుకివ్వలేదు?"

ఆ సీడీ కవరు మీద సంతకం చేసిన మనిషి కమలకుమారే. ఆ సంగతి ఆమెకి గుర్తుకొచ్చినట్టుంది, మినిట్స్ పుస్తకం వైపు కళ్ళు దించుకుంది.

అప్పుడు అసిరయ్య చేతికర్ర అందుకున్నాడు.

"ఆ పెట్టి తెరుసుకోదు, ఈ పెట్టి నమ్మరు. గోడ రాయి ఒడ్డునే ఉన్నాది, బుచ్చమ్మ ఇల్లు ఇక్కడే ఉన్నాది. రండి, కొలిసేద్దాం."

అతను వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు. సభకి సభంతా అతని వెనక కదిలింది.

ఎండ నడినెత్తికి వస్తోంది. మొగలి పొదలు దాటి ఇసకలోకి వచ్చేసరికి చెప్పుల్లేనివాళ్ళు కాళ్ళు కాలి గబగబా అంగలు వెయ్యసాగారు. లాగిపెట్టిన పడవల వరసకి అవతల, సున్నం కొట్టిన రాళ్ళు ఇసకలో పాతి ఉన్నాయి. గోడ ఎక్కడొస్తుందో తెలియడానికి సర్వేవాళ్ళు పాతినవి. ఒక్కోదాని మీద ఎర్ర రంగుతో నంబరు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒడ్డు పొడుగునా ఉన్నాయి. ఆరో నంబరు రాయి బుచ్చమ్మ ఇంటికి ఎదురుగా ఉంది.

"గోడ ఇక్కడికే వస్తుందా?" అడిగింది కమలకుమారి.

"వస్తుంది," అన్నాడు ఢిల్లేశ్వరరావు. కాదనడానికి లేదు.

గోవింద్ పడవలోంచి కొత్త వలతాడు చుట్ట తెచ్చాడు. అసిరయ్య కొస పట్టుకుని రెండు చేతులూ బారజాపాడు.

"బారలతో కొలిస్తే రికార్డులో ఎలా రాస్తాం మేడమ్?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

నయోమి బ్యాగులోంచి టేపు తీసింది. ఇళ్ళ దగ్గర గదులు కొలుచుకునే చిన్న టేపు. అసిరయ్య ఒక చేతి కొస నుంచి రెండో చేతి కొస దాకా పట్టి కమలకుమారికి చూపించింది. సరిగ్గా ఆరడుగులు.

"యాభై ఏళ్ళుగా వలతాడు ఇలగే కొలుత్తన్నాను. ఏలెడు తేడా వొత్తే వల మునగదు," అన్నాడు అసిరయ్య.

తాడు రాయికి కట్టారు. అసిరయ్య బార వెనక బార వేస్తూ ఇంటివైపు నడిచాడు. మొదట్లో అతనొక్కడే లెక్కపెట్టాడు. పది దాటేసరికి గోవింద్ గొంతు కలిపాడు. ఇరవై దగ్గర ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. బుచ్చమ్మ ఇంటి అరుగు అంచుకి తాడు తగిలింది.

"ముప్పై అయిదు," అన్నాడు అసిరయ్య. "ఎక్కువా నేదు, తక్కువా నేదు."

"అరవై నాలుగు మీటర్లు," అంది నయోమి. లెక్క ఆమెకి ముందే తెలుసు. అయినా పైకి అనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోవింద్ ఈల వేశాడు.

కమలకుమారి ఫోన్లో లెక్క వేసుకుంటోంది. ఉన్నట్టుండి ఆగింది. "ముప్పై అయిదు ఆర్లు రెండు వందల పది," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

ఢిల్లేశ్వరరావు ఆ మాటని గాల్లోనే పట్టుకున్నాడు.

"అదే మేడమ్! అదే! రెండు వందల పది అడుగులు! మావాళ్ళు అడుగుల్లో వేసుకున్న అంకెకి మీటర్లని కొట్టేశారు. టైపింగ్ పొరపాటు. ఇందాకటి నుంచీ నేను ఆలోచిస్తున్నది ఇదే, ఎక్కడ పడిందా తేడా అని."

నయోమి ఇది చూసుకోలేదు. రెండు రోజులు ఆ ఫైలుతో కుస్తీ పట్టి, అరవై నాలుగు మీటర్లంటే రెండు వందల పది అడుగులవుతుందని ఒక్కసారి కూడా తట్టలేదు. నిజంగా పొరపాటేనా? ఇంతమందిని ఇలా ఎండలో నిలబెట్టి, ఒక మనిషిని దొంగంటూ వేలెత్తి చూపించిందా తను?

కమలకుమారి ముఖం తేటపడింది. ఎవరి తప్పూ లేని పొరపాటంటే ఆఫీసులో పనిచేసే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. "అయితే సవరణ వేసేద్దాం," అంటూ పుస్తకం తెరిచింది. గోవింద్ కూడా తాడు చుట్టడం మొదలుపెట్టాడు. "పోనీలెండి, పొరపాటు ఎవులికైనా వత్తాది," అన్నారెవరో.

నయోమి అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచింది. ఎండకి తెర సరిగ్గా కనబడలేదు. బుచ్చమ్మ వచ్చి కొంగు అడ్డం పట్టింది. నయోమి ఆ పన్నెండు కొలతలూ ఒక్కొక్కటే నొక్కి చూసింది. పన్నెండూ మీటర్లే. పదకొండింటిలో పై వరస ఖాళీ. అంటే కంప్యూటరు కొలిచి రాసినవే, ఎవరూ చెయ్యి పెట్టలేదు. పై వరసలో అంకె ఉన్నది ఈ ఒక్కదానికే.

ఆమె లేచింది.

"పొరపాటుగా పడదు మేడమ్ అది."

"మళ్ళీ ఏంటమ్మా?" ఢిల్లేశ్వరరావు విసుక్కున్నాడు. "ఒప్పుకున్నాం కదా!"

"టైపింగ్ పొరపాటంటే ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడాలి సార్. ఇక్కడ అసలు టైపు చెయ్యాల్సిన పనే లేదు. కంప్యూటరే అరవై నాలుగని రాసి పెట్టింది. దాన్ని మార్చాలంటే ఆ అంకె మీద రెండుసార్లు నొక్కాలి. పెట్టె తెరవాలి. అందులో రెండు వందల పది కొట్టాలి, పక్కన మీటర్లని కొట్టాలి, సరే అని నొక్కాలి. ఇన్ని పనులు చేతికి తెలీకుండా జరగవు. అడుగుల్లోకి మార్చుకున్న మనిషికి అవి అడుగులని తెలుసు. తెలిసే మీటర్లని రాశాడు. రేపు ఎవరైనా పట్టుకుంటే పొరపాటని చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందని రాశాడు."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావమ్మా?" అడిగింది కమలకుమారి.

ఆ జవాబు నయోమి జయకర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నాన్నకి చెప్పలేదు, చర్చిలో ప్రార్థనలో కూడా పైకి అనలేదు.

"నేనూ చేశాను కాబట్టి," అంది. "మూడేళ్ళ కిందట కాశీబుగ్గలో ఒకాయన ఇల్లు కట్టుకుంటూ వచ్చాడు. పక్కింటికీ తన గోడకీ మధ్య మూడడుగులు వదలాలి. ఒకటిన్నరే వదిలాడు. అంకె మార్చెయ్యమ్మా, ఎవడు టేపు పట్టుకొస్తాడు అన్నాడు. మార్చాను. ఇలాగే, ఈ పెట్టెలోనే. ప్లాను పాసైంది. ఆ పక్కింట్లో ఒక ముసలాయన మంచాన పడ్డాడు. ఆ సందులోంచి మంచం రాదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోబెట్టి, పక్కకి తిప్పి మోసుకొస్తున్నారు. నేను చూశాను. అందుకే నాకు తెలుసు మేడమ్. చెయ్యి ఎన్నిసార్లు నొక్కాలో నా వేళ్ళకి తెలుసు."

గోవింద్ తాడు చుట్టడం ఆపేశాడు.

"ఇప్పుడీ అమ్మాయే ఒప్పుకుంది కదా, దొంగ ప్లాన్లు గీస్తానని!" ఢిల్లేశ్వరరావు గొంతు పెరిగింది. పదేళ్ళ విశాఖ ఒక్కసారిగా జారిపోయింది. "ఏటమ్మా, నువ్వు సేసినావని అందరూ సేత్తారేటి? ఏటనుకుంతన్నావు నువ్వు?"

"నేను చేసిన తప్పుకి నేను చేశానని చెప్పాను సార్. ఈ అంకె కొట్టింది ఎవరో మీరు చెప్పండి."

అతను జీపు తాళాల కోసం జేబు తడుముకున్నాడు.

కమలకుమారి మినిట్స్ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసింది. రాసినదాన్ని పైకి చదివింది. మ్యాపులో చూపిన దూరం తప్పని సభాముఖంగా కొలిచి తేలింది. అసలు దూరం అరవై నాలుగు మీటర్లు. తప్పుడు కొలత ఎవరు వేశారో కన్సల్టెన్సీ రాతపూర్వకంగా చెప్పాలి. డ్రాయింగు మొత్తం ఎవరైనా తెరవగలిగే రకంలో గ్రామానికి అందజేయాలి. అంతవరకూ ఎవరి సంతకాలూ తీసుకోరు.

"మొదటి సంతకం నాది," అంటూ కింద సంతకం చేసింది. తర్వాత పుస్తకాన్ని అసిరయ్యకి అందించింది. అతను వేలిముద్ర వెయ్యలేదు. పేరు మొత్తం, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాడు.

జనం పలచబడుతున్నారు. నయోమి బ్యాగు సర్దుకుంటోంది. ఒళ్ళంతా అలసట. చేసిన తప్పు పైకి చెప్పేశాక లోపల ఏదో ఖాళీ అయినట్టుంది. అది హాయో భయమో ఆమెకి తెలియలేదు. రేపు కాశీబుగ్గలో ఈ మాట పాకుతుంది. అంకె మార్పించుకున్నాయన షాపు మీదికొస్తాడు. రానీ అనుకుంది.

"అమ్మీ," బుచ్చమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పెరట్లో రాయి కూడా కొలుత్తావేటి మరి?"

"పెరట్లో ఏం రాయి పిన్నీ?"

"రా, సూపిత్తాను."

ఇంటి పక్కనుంచి వెనక్కి నడిచారు. తడికల పందిరి కింద నులక మంచం మీద బుచ్చమ్మ భర్త పడుకుని ఉన్నాడు. ముందురోజే పలాసలో డయాలసిస్ అయింది. చేతి మీద కట్టు ఇంకా ఉంది. మనుషుల్ని చూసి లేవబోయి మళ్ళీ వాలిపోయాడు. అతని మంచానికి నాలుగడుగుల అవతల, వంకాయ మొక్కల మధ్య, సున్నం కొట్టిన రాయి. దాని మీద ఎర్ర రంగుతో పదిహేడు.

"ఎవరు పాతారు ఇది?"

"ఒడ్డున రాళ్ళు పాతినోలే. నెల దాటిపోయింది. కుళాయి గొట్టం ఇలగ వత్తాది, మీ ఆయనకి మంచి నీళ్ళు ఇంటికే వత్తాయి అని సెప్పినారు." బుచ్చమ్మ గొంతులో ఇంకా ఆ ఆశ తడి ఆరలేదు. "నాలుగు మొక్కలు పీకేసి నానే సోటిచ్చినాను. కూకోబెట్టి టీ కూడా ఇచ్చినాను."

నయోమి అక్కడే నేల మీద చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. గోడ రాళ్ళన్నీ ఫైల్లో చిన్న చిన్న గుండ్రాలుగా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది. తొమ్మిది తర్వాత ఏమీ లేదు. దాచిన పొరలేమైనా ఉన్నాయేమోనని అన్నీ తెరిచి చూసింది. పదిహేడు అన్న అంకె ఆ ఫైల్లో ఎక్కడా లేదు.

"మా సెల్లి పెరట్లో పద్దెనిమిది ఉన్నాది," అన్నాడు వెనకే వచ్చిన అసిరయ్య నెమ్మదిగా. "దానికీ కుళాయనే సెప్పినారు."

"రామమందిరం ఎనక పంతొమ్మిది," అన్నాడు గోవింద్. అతని ముఖం పాలిపోయింది.

కమలకుమారి ఎప్పుడొచ్చిందో పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ వెనక, జీపు తాళాలు చేత్తో పట్టుకుని ఢిల్లేశ్వరరావు. ఆమె రాయి దగ్గరికొచ్చి వంగి నంబరు చదివింది.

"ఈ ఊరికి కొత్త కుళాయి లైను ఏదీ మంజూరు కాలేదు," అంది. "ఈ రాళ్ళ సంగతి నాకు తెలీదు. ఇవేంటి ఢిల్లేశ్వరరావు గారూ?"

"అవి..." అతను పెదాలు తడుపుకున్నాడు. "అవి వీళ్ళకిచ్చిన డ్రాయింగులో లేవు మేడమ్."

నయోమి తలెత్తింది.

"అయితే ఇవ్వనిదాంట్లో ఉన్నాయా సార్?"

మంచం మీద మనిషి మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఢిల్లేశ్వరరావు చూపు గుమ్మంవైపు తిరిగింది. కమలకుమారి వెనక్కి నడిచి తడిక తలుపు మూసింది. దానికి వీపు ఆనించి నిలబడింది.

"చెప్పండి," అంది.